మొక్కకి రాత్రి ఎన్ని గంటలు?

రోజుకి 24 గంటలు. అందులో లైట్ ఎన్ని గంటలు వెయ్యాలి, ఎన్ని గంటలు ఆపాలి? ఎండ పడని గదిలో మొక్క పెంచాలనుకునే ఎవరికైనా మొదట వచ్చే డౌట్ ఇదే. వినడానికి చిన్న ప్రశ్న. రెండు నంబర్లు కలిపితే 24 రావాలి, అంతే. 12–12, 16–8, 18–6, 20–4, లేదా అసలు ఆపకుండా 24. మా సీఎస్ఈ వాళ్ళ భాషలో ఒక క్రాన్ జాబ్, రెండు లైన్లు. ఆ రెండు లైన్లు రాయడానికి నాకు దాదాపు మూడు వారాలు పట్టింది. ఎందుకో చెప్తాను.

ముందే ఒక మాట. ఈ నంబర్లు నెట్‌లో వెతికితే ఎక్కువగా గంజాయి గురించే వస్తుంది. అందులో "ఆటోఫ్లవర్" అని ఒక రకం ఉంది. పగలెంత, రాత్రెంత అని చూడకుండా, వయసు రాగానే దానంతట అదే పూతకొచ్చే రకం. దానికి 18–6 మంచిదా, 20–4 మంచిదా అని లోకంలో పెద్ద చర్చే నడుస్తోంది. ల్యాబ్‌లో నా స్క్రీన్ చూసి పక్క సిస్టమ్ వాడు "ఏం ప్లాన్ చేస్తున్నవ్ రా?" అన్నాడు. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి మొక్క పెంచడం నేరం, పదేళ్ళ దాకా కఠిన కారాగారం. కాబట్టి క్లియర్‌గా చెప్తున్నా: నాది మిరప. రెండు మిరప మొక్కలు, ఒక టమాటా. గమ్మత్తేంటంటే ఆ ప్రశ్న వీటికీ అలాగే సరిపోతుంది. ఎందుకంటే మిరప, టమాటా కూడా ఆటోఫ్లవర్లే. మనం ఆ పేరుతో పిలవం, అంతే.

మేము ఉండేది మేడిపల్లిలో, వరంగల్ హైవేకి రెండు గల్లీలు లోపల, ఒక గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్. పక్క బిల్డింగ్ గోడ మా కిటికీకి మూడడుగుల దూరం. ఎండ అనేది మా ఇంటికి చుట్టం లాంటిది, ఎప్పుడో వచ్చి త్వరగా వెళ్ళిపోతుంది. తాతయ్య పోయాక నానమ్మ ఊరి నుంచి మా దగ్గరికి వచ్చేసింది. వస్తూ ఒక గుడ్డ మూటలో మిరప విత్తనాలు తెచ్చుకుంది. వచ్చిన వారానికే మూట మళ్ళీ ట్రంకు పెట్టెలో పెట్టేసింది. "ఈడ మన్నేడుంది బిడ్డా, పొద్దేడుంది?" అంది. మన్ను ఉప్పల్ నర్సరీలో సంచుల్లో దొరుకుతుంది. పొద్దు నేను తెస్తానన్నాను. 40 వాట్ల తెల్ల ఎల్ఈడీ ప్యానెల్, ఒక రిలే, హాస్టల్ సీనియర్ ఇచ్చిన పాత నోడ్‌ఎంసీయూ బోర్డు. సామాను అంతే.

ఇక గంటల సంగతి. మొక్కలకి లైట్ రెండు పనులు చేస్తుంది. ఒకటి తిండి. రెండోది కబురు. తిండి సంగతి మనం ఆరో తరగతిలోనే చదివాం. కబురు సంగతి మాత్రం మనుషులకి 1920 దాకా సరిగ్గా తెలీదు. ఆ ఏడాది అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు ఒక పొగాకు రకం మీద చేసిన పని ప్రచురించారు. ఆ పొగాకు వేసవి అంతా మనిషిని మించి పెరుగుతుంది కానీ పూత రాదు. చలికాలం గ్రీన్‌హౌస్‌లో పెడితే చిన్నగా ఉండగానే పూస్తుంది. చలి కారణం కాదు, ఎరువు కారణం కాదు. వేసవిలోనే రోజూ కొన్ని గంటలు చీకటి షెడ్డులో పెట్టి పగలు పొట్టి చేస్తే, అప్పుడూ పూసింది. అంటే మొక్క రోజు పొడుగు చూస్తోంది.

తర్వాత 1938లో హామ్నర్, బోనర్ ఇంకో అడుగు వేశారు. వాళ్ళు తీసుకున్నది మన బంజర్లలో ప్యాంటుకి అంటుకునే ముళ్ళకాయల మొక్క, మరులమాతంగి. పొడుగు రాత్రి మధ్యలో కాసేపు లైట్ వేసి ఆపేస్తే చాలు, అది పూయడం మానేసింది. పగటి మధ్యలో కాసేపు చీకటి చేస్తే ఏమీ కాలేదు. అంటే మొక్క లెక్కపెట్టేది పగటిని కాదు, రాత్రిని. అదీ ఎడతెగని రాత్రిని.

ఇది చదివాక మా అమ్మ చామంతి కుండీ గుర్తొచ్చింది. గేటు పక్కన వీధి లైటు కింద ఉంటుంది. కార్తీకం వచ్చినా ఆకులు గుబురుగా ఉన్నాయి, మొగ్గ లేదు. చామంతి పొడుగు రాత్రులు వస్తేనే పూస్తుంది. దాని లెక్కలో మా గల్లీలో రాత్రే పడటం లేదు. కుండీని వెనక బట్టలుతికే చోటికి, వీధి లైటు పడని గోడ పక్కకి మార్చాం. నెల తిరిగేసరికి మొగ్గలొచ్చాయి. పూల రైతులు ఇదే విషయాన్ని రెండు వైపులా వాడుకుంటారు. బెంగళూరు చుట్టుపక్కల చామంతి తోటల్లో రాత్రిళ్ళు బల్బుల వరసలు వెలుగుతాయి. కాడ పొడుగు పెరిగేదాకా పూత ఆపడానికి. పాలీహౌస్‌లలో దీనికి తిరగేసి చేస్తారు. పూత కావాల్సినప్పుడు సాయంత్రమే నల్ల గుడ్డ లాగి దొంగ రాత్రి తెస్తారు. గుడిమల్కాపూర్ మార్కెట్‌కి సీజన్ కాని సీజన్‌లో వచ్చే చామంతి వెనక ఇలాంటి లెక్కలుంటాయి. డ్రాగన్ ఫ్రూట్‌ది దీనికి రివర్స్. పొట్టి రాత్రి కావాలి. వియత్నాంలోని బిన్ థువాన్‌లో చలికాలం తోటలకి తోటలే లైట్లతో మెరుస్తుంటాయి.

మరి రాత్రి లెక్క అసలు అక్కర్లేని మొక్కలు? వాటికి మన తెలుగు నేల మీద పెద్ద కథే ఉంది. పాత వరి రకాలు చాలావరకు చామంతి లాంటివే. ఎప్పుడు నాటినా రోజులు పొట్టి అయ్యాకే ఈనేవి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్-8 విడుదల చేసింది. పొట్టి మొక్క, ఎక్కువ గింజ అని దాని గురించి చదివే ఉంటారు. అంతగా చెప్పుకోని ఇంకో గుణం ఏంటంటే, అది రోజు పొడుగుని పెద్దగా పట్టించుకోదు. ఎప్పుడు నాటినా ఇంచుమించు 130 రోజులకి కోతకొస్తుంది. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే యువ రైతు దాన్ని పండించి, చుట్టుపక్కల రైతులకి విత్తనం అందేలా చేశారు. ఆయనకి "మిస్టర్ ఐఆర్-8" అనే పేరొచ్చింది. క్యాలెండర్ అడగని వరి వచ్చాక ఏడాదికి రెండు పంటలు తేలికయ్యాయి. మన కంచంలో అన్నం ఒక రకంగా ఆటోఫ్లవర్ అన్నమే.

మిరప, టమాటాదీ అదే దారి. పూతకి రాత్రి కబురు అక్కర్లేదు. వీటి విషయంలో లైట్ అంటే ప్రధానంగా తిండి. తిండి అయితే లెక్క వేయొచ్చు. ఆకు మీద సెకనుకి పడే కాంతిని గంటలతో గుణిస్తే రోజు మొత్తం కాంతి వస్తుంది. దాన్ని మోల్స్‌లో కొలుస్తారు. ఫోన్‌లో లక్స్ యాప్ పెట్టి చూస్తే నా ప్యానెల్ కింద దాదాపు 14,000 లక్స్ వచ్చింది. తెల్ల ఎల్ఈడీకి దాన్ని సుమారు 70తో భాగిస్తే 200 మైక్రోమోల్స్. 16 గంటలు వేస్తే రోజుకి 11.5 మోల్స్. 18 గంటలకి 13. ఆపకుండా వేస్తే 17 పైన. బయట మన హైదరాబాద్ ఎండాకాలం ఎండలో అయితే 40 దాటుతుంది. అంటే నా మొక్కకి ఎంత పెట్టినా అర్ధాకలే. మరి 24 గంటలూ వెయ్యొచ్చు కదా?

వెయ్యకూడదు, రెండు కారణాలు. మొదటిది టమాటా. లైట్ ఎప్పుడూ ఆపకపోతే టమాటా ఆకులు పసుపు పచ్చగా మారి పాడవుతాయి. ఇది దాదాపు వందేళ్ళుగా తెలిసిన సంగతే. అడవి టమాటాల్లో దీన్ని తట్టుకునే జన్యువు ఒకటుందని నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 2014లో చూపించారు. మనం తినే టమాటాలో ఆ బలం లేదు. కెనడాలో 1990ల్లో గ్రీన్‌హౌస్ ప్రయోగాలు చేసినవాళ్ళు టమాటాకి 14 గంటలు, బెంగళూరు మిర్చికి 20 గంటలు బాగున్నాయన్నారు. అంటే పూత కోసం రాత్రి అక్కర్లేని మొక్కకి కూడా, బతకడానికి రాత్రి కావాలి. నానమ్మ దీన్ని ఒక్క ముక్కలో తేల్చేసింది. "పొద్దుగూకినంక చెట్టును ముట్టొద్దంటరు ఎందుకు మరి? దానికి నిద్రుండదా?"

రెండో కారణం మా మీటర్. తెల్ల కార్డు ఉన్నవాళ్ళకి 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద నెలకి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. మా ఇంటి వాడకం సగటున 175. నా 40 వాట్ల లైట్ 24 గంటలు వెలిగితే నెలకి 28.8 యూనిట్లు, మొత్తం 203.8. ఆ 3.8 యూనిట్ల కోసం మొత్తం బిల్లు కట్టాలి. 16 గంటలైతే 19.2 యూనిట్లు, మొత్తం 194.2. కాబట్టి టమాటా 14 అంటే, మిరప 20 అంటే, మీటర్ 200 అంటే, మధ్యలో 16 దగ్గర ఆగాను. ఏప్రిల్‌లో కూలర్ మొదలైతే 12కి తగ్గిస్తాను. మిరపకి తిండి తగ్గుతుంది కానీ పూత ఆగదు. చామంతితో అయితే ఇలా ఆటలాడలేం.

ఎన్ని గంటలో తేలింది. ఏ గంటలు అనేది తేలలేదు. మూడు వారాలు పట్టింది ఇక్కడే.

నాన్న నాచారం పారిశ్రామికవాడలో ఒక కంపెనీలో మెషిన్ ఆపరేటర్. ఏ షిఫ్ట్ ఉదయం 6 నుంచి 2, బీ షిఫ్ట్ 2 నుంచి 10, సీ షిఫ్ట్ రాత్రి 10 నుంచి 6. వారానికొకసారి మారుతుంది. పడుకునేది హాల్లో. అమ్మ, నానమ్మ లోపలి గదిలో. లైట్ పెట్టడానికి చోటున్నదీ హాల్లోనే. ఏ షిఫ్ట్ వారం నాన్నకి రాత్రి 9కి చీకటి కావాలి. బీ షిఫ్ట్ వారం అర్ధరాత్రి నుంచి. సీ షిఫ్ట్ వారం పొద్దున ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం 3 దాకా. ఈ మూడింటికీ ఒకే ఎనిమిది గంటల చీకటి సరిపోదు. కాగితం మీద గీసి చూశాను. ఓఎస్ సబ్జెక్టులో రౌండ్ రాబిన్ చెప్పినప్పుడు ఇంత కష్టంగా అనిపించలేదు.

ఒక దారి ఉంది. నాన్న షిఫ్ట్ మారినప్పుడల్లా మొక్క రాత్రిని కూడా మార్చడం. కోడ్‌లో మూడు కేసులు, అంతే. రోజు పొడుగు పట్టించుకోని మొక్కే కదా, ఏ టైమ్‌కి రాత్రి చేస్తే ఏంటి? రాసే ముందు కొంచెం చదివాను. పూతకి రాత్రి లెక్క అక్కర్లేదంటే లోపల గడియారం లేదని కాదు. 1729లో ఫ్రాన్స్‌లో దె మైరాన్ అనే ఆయన అత్తిపత్తి మొక్కని చీకట్లో పెట్టి చూశాడు. సూర్యుడు కనపడకపోయినా అది తన టైమ్‌కి ఆకులు విప్పుతూ, ముడుస్తూనే ఉంది. ఆ గడియారం ప్రతి కణంలో ఉంటుంది. పొద్దు పొడిచే ముందే ఆకుని తిండికి సిద్ధం చేస్తుంది. రాత్రికి ఎంత పిండి దాచాలో లెక్క కడుతుంది. వారానికోసారి రాత్రిని జరిపితే మొక్క చచ్చిపోదు, పూత కూడా వస్తుంది. కానీ ప్రతివారం కొన్ని రోజులు గడియారం సర్దుకోవడానికే పోతాయి.

అది చదువుతుంటే సీ షిఫ్ట్ నుంచి వచ్చిన నాన్న నా ఎదురుగా టీ గ్లాసు పట్టుకునే నిద్రపోయాడు.

మా ఇంట్లో నాన్న గురించి ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది: "మీ నాన్న ఏ షిఫ్టైనా చేస్తడు." అమ్మ గొప్పగా చెప్తుంది. నేనూ అలాగే విన్నాను. నిజమే, చేస్తాడు. ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాడు. ఏ టైమ్‌కి పెట్టినా పూత వచ్చే మొక్క లాగ. మనుషుల్లో, ఈగల్లో, మొక్కల్లో గడియారాలుంటాయని ఇప్పుడు అందరికీ తెలుసు. ఈగల్లో అది ఎలా తిరుగుతుందో కనిపెట్టినందుకు 2017లో ముగ్గురికి నోబెల్ కూడా వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లో, మళ్ళీ 2019లో, రాత్రి షిఫ్ట్ పనిని "బహుశా క్యాన్సర్ కారకం" అనే జాబితాలో పెట్టింది. మేక మాంసం లాంటి ఎర్ర మాంసం కూడా అదే జాబితాలో ఉంది కాబట్టి ఇల్లంతా భయపెట్టాల్సిన పని లేదు. నాన్నకి పోయినేడాది బీపీ గోళీలు మొదలయ్యాయి. అది షిఫ్టుల వల్లే అని నేననలేను. కానీ మొక్కకి వారం వారం రాత్రి మార్చడానికి నాకు చెయ్యి రాకపోతే, మనిషి సంగతేంటి?

మొక్క సమస్య ఒక ఫ్రిజ్ డబ్బాతో తీరిపోయింది. బోడుప్పల్‌లో ఎలక్ట్రానిక్స్ షాపు బయట పడేసిన అట్టపెట్టె తెచ్చాను. లోపల మెరిసే షీటు అంటించి, గాలికి రెండు పాత కంప్యూటర్ ఫ్యాన్లు పెట్టాను. లైట్ చుక్క కూడా బయటికి రాదు. దాంతో మొక్క టైమ్ మా టైమ్‌లతో సంబంధం లేకుండా పోయింది. సాయంత్రం 6కి ఆన్, పొద్దున 10కి ఆఫ్. మధ్యాహ్నం వేడిలో డబ్బా ఇంకా కాగకుండా లైట్ ఆగి ఉంటుంది. నాన్న సీ షిఫ్ట్ వారంలో నిద్రపోయే గంటల్లో చాలావరకు ఫ్యాన్ల చప్పుడు కూడా ఉండదు. బోర్డు వైఫై నుంచి టైమ్ తీసుకుంటుంది కాబట్టి కరెంటు పోయి వచ్చినా లెక్క తప్పదు. ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే తిప్పుడు టైమర్ అయితే కరెంటు పోయినంత సేపూ ఆగిపోతుంది. వారం తిరిగేసరికి మీ మొక్క వేరే దేశం టైమ్‌లో ఉంటుంది.

నాన్నకి ఫ్రిజ్ డబ్బా కట్టలేను. చామంతి రైతుల ఐడియా మాత్రం పనికొచ్చింది. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర టార్పాలిన్లు అమ్మే చోట మందంగా ఉండే నల్ల గుడ్డ నాలుగు మీటర్లు కొన్నాను. హాలు కిటికీకి, తలుపు పైన అద్దానికి వేశాం. సీ షిఫ్ట్ వారం పట్టపగలు మా హాల్లో రాత్రి అవుతుంది.

జనరల్ షిఫ్ట్ అడగొచ్చు కదా అని ఒక ఆదివారం అడిగాను. "నైట్ అలవెన్స్ నువ్వు ఇస్తవా?" అన్నాడు నవ్వుతూ. ఆ అలవెన్స్ ఎటు పోతుందో నాకు తెలుసు. నా కాలేజ్ బస్సు ఫీజుకి పోతుంది. కాబట్టి డబ్బు తగ్గని దారి వెతికాను. నాన్న షిఫ్టులు సీ తర్వాత బీ, బీ తర్వాత ఏ, ఇలా వెనక్కి తిరుగుతాయి. ప్రతిసారీ ముందు వారం కంటే తొందరగా పడుకోవాలి. మన శరీరానికి ఆలస్యంగా పడుకోవడం తేలిక, తొందరగా పడుకోవడం కష్టం. ఎగ్జామ్స్ టైమ్‌లో అందరికీ తెలిసిన సంగతే. అమెరికాలోని యూటాలో ఒక ఖనిజాల ఫ్యాక్టరీలో దీన్ని పరీక్షించి, ఫలితాలు 1982లో ప్రచురించారు. షిఫ్టులు ముందుకి తిరిగేలా, వారానికి బదులు మూడు వారాలకోసారి మారేలా చేస్తే కార్మికుల ఆరోగ్యం, సంతృప్తి మెరుగయ్యాయి. ఉత్పత్తి కూడా పెరిగింది. కంపెనీకి పైసా ఖర్చు లేదు, రోస్టర్‌లో అక్షరాల వరస మార్చాలి, అంతే.

అది ఒక పేజీలో తెలుగులో రాసి నాన్నకిచ్చాను. ఇంగ్లీష్ మీడియం వాడిని కదా, "ఉత్పత్తి" అనే మాట దగ్గర చాలాసేపు ఆగాను. నాన్న చదివి, మడిచి, టిఫిన్ డబ్బా కవర్లో పెట్టుకున్నాడు. లైన్‌లో ఉన్న తొమ్మిది మందికీ చూపించాడట. సూపర్‌వైజర్ "చూద్దాం" అన్నాడట. ఇది రాసే సమయానికి అంతవరకే వచ్చింది.

హాస్టల్ రూముల్లో పెంచాలనుకునే ఫ్రెండ్స్‌కి నా లెక్కలు ఇవి. మిరప, టమాటా అయితే 14 నుంచి 16 గంటలు, రోజూ ఒకే టైమ్‌కి. చామంతికి పూలు కావాలంటే లైట్ 12 గంటలు దాటనివ్వకండి, ఆ తర్వాత రూమ్‌లో ట్యూబ్‌లైట్ కూడా దాని మీద పడకూడదు. మెంతి, కొత్తిమీర ఆకు కోసమే కాబట్టి 12 గంటలు చాలు. వాటికి లైట్ గంటలు మరీ ఎక్కువైతే తొందరగా పూతకెళ్ళిపోయి ఆకు తగ్గుతుంది. రూమ్మేట్ ఎప్పుడు పడుకుంటాడో ముందు కనుక్కోండి, టైమర్ తర్వాత సెట్ చేయండి.

మిరపకి పోయిన గురువారం మొదటి పూత వచ్చింది. నానమ్మ డబ్బా మూత తీసి చూసి, నాన్న నిద్రపోతున్నాడని గుసగుసగా చెప్పింది, ఐదు పూలున్నాయని. ఈ వారం సీ షిఫ్ట్.